టిప్పర్‌కు చీటీ రాయని మేడం

మా వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "మేడం, మీ సర్వీసులో మీరు చేసిన గొప్ప పని ఒకటి చెప్పండి" అంటారు. గొప్ప పనులు నాకు సరిగ్గా గుర్తుండవు. చేసిన తెలివితక్కువ పని ఒకటి మాత్రం బాగా గుర్తుంది. వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు గుర్తొచ్చినా పగలబడి నవ్వుతాను. అదే చెబుతాను, వినండి. మధ్యలో ఫోన్లు చూసుకున్నారంటే ఆపేస్తాను, ముందే చెబుతున్నా.

అవి బళ్లారి జిల్లాలో ఇనుము గనులు జోరుగా నడుస్తున్న రోజులు. సండూరు వైపు నుంచి ఎర్రదుమ్ము లేపుకుంటూ ఇనపరాయి మోసే టిప్పర్లు వరసకట్టి వచ్చేవి. రోడ్డు దాటాలంటే ఒక టీ తాగేంత సేపు నిలబడాలి. పొద్దున తెల్లచీర కట్టుకుని ఆఫీసుకు పోతే సాయంత్రానికి అది జేగురు రంగుకు తిరిగేది. విసుగెత్తి నేను జేగురు రంగు చీరలే కొనడం మొదలుపెట్టాను. ఆ గనుల పిచ్చి ఎంతదాకా పోయిందంటే, గనులకు దూరంగా తుంగభద్ర ఒడ్డున వరి పండించుకునే రైతులు కూడా ఉన్న రెండెకరాలో మూడెకరాలో అమ్మి ఒక టిప్పర్ కొనాలని కలలు కనేవారు. ఇద్దరు మనుషులు ఎదురుపడితే వాన గురించి మాట్లాడడం మాని టైర్ల గురించి మాట్లాడుకునేవారు.

నేను బళ్లారి కౌల్ బజార్‌లో ఎండుమిరప వ్యాపారి కూతురిని. వ్యవసాయంలో డిగ్రీ చేసి, మా ఇంట్లో మొదటి సర్కారు ఉద్యోగం సంపాదించాను. డిగ్రీ అయితే ఉంది గానీ, మడిలో దిగేటప్పుడు చెప్పులు గట్టు మీద వదలాలా చేత్తో పట్టుకోవాలా అన్నది కూడా తెలియదు. రైతులకు శిక్షణ ఇవ్వడం నా పని. నా శిక్షణల్లో జనం హాయిగా నిద్రపోయేవారు. గురక పెట్టిన పెద్దాయన ఒకాయన లేచాక, "చల్లగా చెప్తివమ్మా" అని మెచ్చుకుని పోయాడు కూడా.

అట్లాంటి నాకు ఒకరోజు బెంగళూరు నుంచి లావుపాటి పుస్తకం ఒకటి వచ్చింది. సేద్యంలో వచ్చే నష్టాలను ముందే ఊహించి తట్టుకోవడం ఎట్లాగో రైతులకూ, కూలీలకూ నేర్పమని ఆదేశం. పుస్తకం మొదట రాసింది మనకోసం కాదు. అమెరికాలో, పక్క దేశాల నుంచి పనికోసం వచ్చి, కూలీలుగా మొదలై, తర్వాత తామే కౌలుకు పట్టి సాగుచేసే లాటినో రైతులకోసం స్పానిష్‌లో రాశారట. దాన్ని ఎవరో ఇంగ్లీషులోకి, ఇంకెవరో కన్నడలోకి మార్చారు. నేను సిరుగుప్ప తాలూకాలో తెలుగులో చెప్పాలి. ఇన్ని భాషలు దాటి వచ్చినా అందులో స్ట్రాబెరీ మాత్రం స్ట్రాబెరీగానే మిగిలింది. నేను అంతవరకు ఆ పండును ఐస్‌క్రీమ్ డబ్బా మీద బొమ్మలో తప్ప చూడలేదు.

కెంచనగుడ్డ అనే ఊళ్లో రెండు రోజుల శిక్షణ పెట్టాం, బుధవారం, గురువారం. సముదాయ భవనంలో మగవాళ్లు కుర్చీల్లో, ఆడవాళ్లు చాప మీద కూర్చున్నారు. పుస్తకం మొదటి బొమ్మలోనే వెడల్పాటి టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు పొలంలో నిలబడి నవ్వుతున్నాడు.

"ఎవురు మేడం ఈ టోపీ ఆయప్ప?" అని వెనకనుంచి ఒకడు అడిగాడు.

చెప్పాను. కూలికి పరాయి దేశం వచ్చి, ఇప్పుడు సొంతంగా సేద్యం చేస్తున్నాడని.

"అట్లయితే మా మాదిరి సుగ్గికి పాయినోడే!" అన్నారు ఆడవాళ్లు. పంట కోతలకు ఊరు వదిలి పోవడాన్ని అక్కడ సుగ్గికి పోవడం అంటారు. ఆ ఒక్క ముక్కతో టోపీ ఆయప్ప వాళ్లకు చుట్టమైపోయాడు. పెండ్లాం బిడ్డలు యాడుండారు, కూలి ఎంతిస్తారు, ఆ టోపీ యాడ దొరుకుతాది, అన్నీ ప్రశ్నలే.

చాప మీదినుంచి ఒకామె లేచి వచ్చి బొమ్మను కళ్ల దగ్గరికి పెట్టుకుని చూసింది. నలభై అయిదేళ్లుంటాయి. నాట్లు వేసే ఆడవాళ్ల గుంపుకు పెద్ద. ఊరంతా ఆమెను మేస్త్రమ్మ అనేవారు. ఆమె చెయ్యి మంచిదని పేరు. ఏ రైతు మడిలోనైనా మొదటి నారు ఆమె చేత్తో పెట్టిస్తేనే తక్కినవాళ్లు వంగేవారు.

"తెలివైనోడే ఈయప్ప" అంది. "అంతా పండే పెట్టలేదు. మూలన చిక్కుడు తీగ ఉండాది చూడు. ఎనక కోళ్లు ఉండాయి. ఒకటి పాయినా ఇంకొకటి ఉంటాది."

పుస్తకం మొత్తంలో ఉన్న సంగతి అంతే. ఆమె ఒక్క చూపులో చెప్పేసింది. నేను అక్కడికే శిక్షణ ముగించి అందరికీ భోజనాలు పెట్టించి ఇంటికి పోయి ఉంటే ఎంత బాగుండేదో! కానీ నేను ఒక ఆట తయారుచేసుకుని పోయాను. ఆట ఆడించాలన్న ఉబలాటం నాది.

ఆట చాలా తేలిక. నేల మీద ముగ్గుపిండితో గళ్లు గీశాను. వరి, మిరప, పత్తి, జొన్న, గొర్రెలు. మనిషికి పది చింతగింజలు. ఎవరికి ఇష్టమైన గడిలో వాళ్లు పెట్టుకోవచ్చు. తర్వాత డబ్బాలోంచి ఒక చీటీ తీస్తాను. "కాలవ నీళ్లు రాలేదు" అని వస్తే వరి గడిలో గింజలన్నీ పోతాయి. "తెగులు" అని వస్తే మిరపవి పోతాయి. దెబ్బ తగలని గళ్లలో మాత్రం ఒక్కో గింజకు ఇంకో గింజ ఇస్తాను.

"టిప్పర్ ఏది మేడం?" అన్నాడు ముందు వరసలో మీసాలు దువ్వుకుంటున్న ఒకాయన. మేస్త్రమ్మ మొగుడు.

"టిప్పర్ పంట కాదు కదండీ."

"ఇప్పుడు ఈ జిల్లాలో అదే పంట మేడం!"

హాలంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది. నా శిక్షణలో జనం నవ్వడం అదే మొదటిసారి. ఆ సంబరంలో ఇంకో గడి గీసి టిప్పర్ అని రాసేశాను.

గడి గీశాను గానీ చీటీ రాయలేదు. పుస్తకంలో గనులు లేవు, నా బుర్రలోనూ లేవు. ఒక్కో చీటీ తీస్తుంటే వరి పోయింది, పత్తి పోయింది, గొర్రెలకు గాలికుంటు వచ్చింది. టిప్పర్ గడి మాత్రం ప్రతిసారీ రెట్టింపు అవుతూనే ఉంది. మేస్త్రమ్మ మొగుడు తన పది గింజలూ అందులోనే పెట్టాడు. కాసేపటికి నా దగ్గర చింతగింజలు అయిపోతే బయటినుంచి గులకరాళ్లు తెచ్చి పోశారు. జనం కుర్చీలెక్కి అరుస్తున్నారు. ఎవరో ఆయన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. మరి నేనేం చేశాను? "గెలిచినవారికి గట్టిగా చప్పట్లు!" అని మైకులో అరిచాను. ఎవరూ నిద్రపోలేదన్న సంతోషంలో నాకు ఒళ్లు తెలియలేదు.

తిరిగి వస్తుంటే మా జీపు డ్రైవర్ అడిగాడు, "మేడం, టిప్పర్‌కి చీటీ ఏది?" అతను మా శాఖకు రాకముందు యశ్వంతనగర్ గనుల దగ్గర నాలుగేళ్లు టిప్పర్ తోలినవాడు.

"నువ్వు ముందు చూసి బండి నడుపు" అని కసిరాను.

మర్నాడు పొద్దున ఊరి మలుపు దగ్గర మేస్త్రమ్మ రోడ్డు మధ్యలో చేతులు చాపి నిలబడి ఉంది. జీపు ఆగింది.

"మేడమ్మా, నా పొలం పాయ."

"ఏమైందమ్మా?"

"ఏమాయనా? నువ్వే తీస్తివి! రెణ్ణెల్ల నుంచి మా ఆయప్ప పొలం అమ్మి టిప్పర్ కొంటానంటాండాడు. నేను కాళ్లడ్డం పెట్టి ఆపుకుంటా వస్తాండా. నిన్న ఇంటికి వచ్చి ఏమన్నాడు తెలుసునా? సర్కారు మేడమే లెక్క చూపించె, వరి పాయ, పత్తి పాయ, టిప్పర్ ఒక్క తూరన్నా పాయెనా అనె. రేపు సిరుగుప్పకు పోయి రిజిస్ట్రేషన్ చేసిస్తాడంట. ఇరవై ఏండ్లు ఒకరి మళ్లల్లో నడుము వంచి కొనిన మూడెకరాలు మేడమ్మా. పట్టా ఆయప్ప పేరన ఉండాది. నేనేం చేసేకి అయితాది?"

సిగ్గుతో చచ్చిపోయాను. నిజంగా చెబుతున్నా, అంత సిగ్గు నాకు మళ్లీ ఎప్పుడూ వేయలేదు. మా నాయన ఒకే ఊరి మిరపకాయ ఎన్నడూ కొనేవాడు కాదు. నాలుగు ఊళ్లనుంచి నాలుగు రకాలు కొని, ఏదో ఒకటి గిట్టుబాటు కాకపోదని ధీమాగా కూర్చునేవాడు. ఆ అంగట్లో బస్తాల మధ్య పెరిగినదాన్ని నేను. ఆ బుద్ధి ఏమైపోయింది?

జీపు బానెట్ మీద కాగితాలు పెట్టి డ్రైవర్‌కు పెన్ను ఇచ్చాను. "టిప్పర్‌కు చీట్లు రాయి" అన్నాను. అతను నిన్నటినుంచి ఆ మాటకోసమే కాచుకున్నట్టు రాయడం మొదలుపెట్టాడు. యాక్సిల్ విరిగె. టైరు పగిలె. గని కాడ మూడు దినాలు క్యూ. పర్మిట్ నిలిపిరి. వానకి రోడ్డు కొట్టుకపాయ. లోడు తక్కువని ఎనక్కు పంపిరి. ఆపకపోతే మా శాఖ స్టేషనరీ అంతా అయిపోయేట్టుంది.

"ఇన్ని నిజంగా జరుగుతాయా?"

"అన్నీ నాకు జరిగినవే మేడం. డబ్బా నిండా ఇవే పెడదామా?"

నాకూ ఆ ఆశ పుట్టింది, దాచుకోను. మేస్త్రమ్మ ఒప్పుకోలేదు. "దొంగాట బేడ, వద్దే వద్దు" అంది కన్నడం కలిపి. "తెలిస్తే ఆయప్ప ఇంకా బిగుసుకుంటాడు." కాబట్టి ప్రతి గడికీ నాలుగు చీట్లు, టిప్పర్‌కూ నాలుగే. ఆరు సార్లు తీయాలి. టిప్పర్ చీటీ రావచ్చు, రాకపోవచ్చు. రాకపోతే ఆమె పొలం రేపు సిరుగుప్పలో వేరేవాళ్ల పేరుకు మారుతుంది.

హాల్లో కొత్త చీట్లు చూపించగానే మగవాళ్లు గొడవకు దిగారు.

"నిన్న లేని చీట్లు ఈ పొద్దు యాడినుంచి వచ్చె మేడం?"

డ్రైవర్ ముందుకొచ్చాడు. "నేను రాసినా అప్పా. నాలుగేండ్లు టిప్పర్ తోలినా. అబద్ధమైతే యశ్వంతనగర్‌కి పోయి అడగండి." తోలినవాడి మాట కాబట్టి సద్దుమణిగారు. ఇక చీటీ ఎవరు తీయాలన్న పంచాయితీ పడింది. నేను తీస్తే ఒప్పుకోరు, డ్రైవర్ తీస్తే ఒప్పుకోరు.

అప్పుడు మేస్త్రమ్మ మొగుడే లేచాడు. "మా ఇంటిదాని చెయ్యి ఉండాది కదప్పా! ఊరి మొదటి నారు ఆ చేతిదే. ఆ చెయ్యి నమ్మినోళ్లకు ఎప్పుడన్నా చెడాయెనా?"

"హౌదు, హౌదు!" అని హాలంతా ఒప్పుకుంటూ అరిచింది. ఆ వెంటనే ఏం జరిగిందో చూడండి. అందరూ తమ గింజలన్నీ తెచ్చి టిప్పర్ గడిలో పోశారు. నిన్న మిరపలో మూడు, జొన్నలో రెండు అని జాగ్రత్తగా పంచిన ఆడవాళ్లు కూడా! ఎందుకంటే తీసేది మేస్త్రమ్మ, టిప్పర్ మీద పెట్టింది ఆమె మొగుడు, కాబట్టి ఆ చెయ్యి ఆ గడిని చెడగొట్టదని వాళ్ల లెక్క. గింజలు పంచుకుని పెట్టమని రెండు రోజులుగా గొంతు చించుకుంటుంటే, ఊరంతా కలిసి ఒక్క గడిలో, ఒక్క చేతి మీద పెట్టింది. నేను నెత్తి కొట్టుకున్నాను.

మేస్త్రమ్మ నావైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. టిప్పర్ చీటీ రాకపోతే పొలం పోతుంది. వస్తే ఊరందరి గింజలూ ఆమె చేత్తోనే పోతాయి, ఆ తర్వాత మొదటి నారుకు ఆమెను ఎవరు పిలుస్తారు? ఆ పేరు మీదే ఆమె గుంపుకు పని దొరికేది. అయినా కొంగు బిగించి డబ్బా ముందు కూర్చుంది.

సరిగ్గా అదే నిమిషానికి బెంగళూరు నుంచి పెద్దసార్ తనిఖీకి దిగాడు. తెల్లచొక్కా, తెల్లప్యాంటు, తెల్లబూట్లు. నేల మీద గళ్లు, కుప్పగా గింజలు, చుట్టూ నలభై మంది "తియ్యి, తియ్యి!" అని కేకలు. ఆయన మొహం మాడిపోయింది.

"ఏన్రీ ఇదు? మట్కా జూదమా?"

"శిక్షణ సార్" అన్నాను.

మేస్త్రమ్మ డబ్బాలో చెయ్యి పెట్టి మొదటి చీటీ ఇచ్చింది. చదివాను. జొన్నను పిట్టలు తినేశాయి. జొన్నలో ఎవరి గింజా లేదు కాబట్టి అందరివీ రెట్టింపు. హాలు దద్దరిల్లింది. రెండోది వరి. మళ్లీ రెట్టింపు. పెద్దసార్ మెల్లగా ముందుకు జరిగాడు. మూడోది మిరప. ఆయన తెల్లప్యాంటుతోనే గొంతుక్కూర్చుని, ఒక పిడికెడు గింజలు అడిగి తీసుకుని టిప్పర్ గడిలో పెట్టాడు. నేను నా కళ్లతో చూశాను.

మేస్త్రమ్మ మొగుడు మీసం తిప్పుతున్నాడు. ఆమె నుదురంతా చెమట. నాలుగోసారి డబ్బాలో పెట్టిన చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది. తర్వాత చీటీ తీసి నాకిచ్చింది. విప్పాను. డ్రైవర్ కోడిగీతలు కనిపించేసరికి నా గుండె ఎగిరి గంతేసింది. అయినా మొహం గంటుపెట్టుకుని చదివాను.

"టిప్పర్. వానకి రోడ్డు కొట్టుకపాయ. బండి పదైదు దినాలు నిలబడె."

చీపురు తీసుకుని గడి మొత్తం ఊడ్చేశాను. ఊరి గింజలు, పెద్దసార్ గింజలు, అన్నీ. ఆట ఇంకా రెండు సార్లు ఉంది, కానీ ఆడడానికి హాల్లో ఎవరి దగ్గరా ఒక్క గింజ లేదు.

"నీ చేతికి ఏమాయనే?" అన్నాడు మొగుడు, ఏడుపు గొంతుతో. "మేస్త్రమ్మ చెయ్యి చెడిపాయ" అని వెనక ఎవరో గొణిగారు.

ఆమె లేచి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఎవడప్పా ఆ మాటనేది, ముందుకి రా! నా చెయ్యి ఇత్తనానికి మంచిది, నారుకి మంచిది. ఇనపరాయికి మంచిదని నేనెప్పుడన్నా చెప్తినా? మూడు తూర్లు ఇయ్యలేదా మీకు? ఉండేదంతా ఒక్క తావన పోయమని నా చెయ్యి చెప్పెనా? ఒక్క గింజ, ఒకే ఒక్క గింజ మిరపలో పెట్టుకోనింటే ఈ పొద్దు మళ్లా నాటేకి ఇత్తనం ఉండేది కదప్పా!"

ముందు నవ్వింది పెద్దసారే. ఒట్టి నవ్వు కాదు, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆడవాళ్లు, ఆ తర్వాత అందరూ. ఒకరి వీపు మీద ఒకరు చరుచుకుంటూ నవ్వారు.

"ఇదంతా నాము పంపిన పుస్తకంలో ఉందా?" అని ఆయన తన బెంగళూరు తెలుగులో అడిగాడు.

"లేదు సార్. అందులో స్ట్రాబెరీ ఉంది" అన్నాను.

మేస్త్రమ్మ మొగుడు మాత్రం నవ్వలేదు. బయటికి పోయి జీపు పక్కన డ్రైవర్‌తో నిలబడ్డాడు. కిటికీలోంచి చూస్తున్నాను. డ్రైవర్ చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు, ఈయన నేల చూస్తూ వింటున్నాడు. రెండు టీలు అయ్యాయి. ఏమీ చెప్పకుండానే ఇంటికి పోయాడు. శుక్రవారమంతా నేను ఆఫీసులో ఒక్క ఫైలు కూడా తిప్పలేదు. సిరుగుప్ప వైపు నుంచి ఎవరొచ్చినా, "రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర ఫలానా మనిషి కనబడ్డాడా?" అని అడుగుతూనే ఉన్నాను. వాళ్లు నన్ను వింతగా చూశారు.

సోమవారం డ్రైవర్ వార్త తెచ్చాడు. ఆయన సిరుగుప్పకు పోలేదు. యశ్వంతనగర్ పోయి వేరేవాళ్ల టిప్పర్ మీద డ్రైవర్‌గా చేరాడు. "ముందు తోలి చూస్తా, పొలం యాడికీ పోదు కదా" అన్నాడట. మీ ముందు ఒప్పుకోవడానికి సిగ్గెందుకు, సీటులోంచి లేచి డ్రైవర్‌కు చేతులెత్తి దండం పెట్టాను. అతను భయపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

రెండు నెలలకు మేస్త్రమ్మ మొగుడు నేరుగా నా ఆఫీసుకే వచ్చాడు. జుట్టునుంచి కాళ్లదాకా ఎర్రగా ఉన్నాడు, దగ్గుతున్నాడు, మీసం మాత్రం అట్లాగే ఉంది.

"మేడం, ఆ డబ్బా ఉండాదా? నావి ఇంకా ఏడు చీట్లు ఉండాయి. రాసుకోండి."

రాసుకున్నాను. కొన్నేళ్లకు గనులు ఆగిపోయి, టిప్పర్లు రోడ్ల పక్కన వరసగా నిలబడి వాటి చక్రాల చుట్టూ గడ్డి మొలిచినప్పుడు, ఆ ఏడు చీట్లలో లేని చీటీ అది అని నాకు తట్టింది. అప్పటికి ఆ డబ్బాను తాలూకాలో ప్రతి ఊరూ చూసింది.

శిక్షణ జరిగిన సంవత్సరమే, కాలవకు నీళ్లు వదిలాక మేస్త్రమ్మ కబురు పంపింది. ఆ మూడెకరాల్లో రెండింట వరి, ఒక ఎకరం మిరప. గట్టు మీద చిక్కుడు తీగలకు పందిరి వేసి ఉంది. ఒక మూల కోళ్లగూడు. టోపీ ఒక్కటే తక్కువ.

మిరప నారు పెట్టే రోజది. మొదటి మొక్క ఎప్పటిలాగే ఆమె పెడుతుందని అందరూ గట్టు మీద నిలబడ్డారు. ఆమె ఒక్క సాలు మొదట మాత్రం పెట్టింది. రెండో సాలుకు గుంపులో ఒకామెను పిలిచింది. మూడో సాలుకు ఇంకొకామెను. నాలుగోదానికి మొగుణ్ని. చివరి సాలు దగ్గరికి వచ్చి, "మేడమ్మా, చెప్పులు ఈడ ఇడ్సి దిగు" అంది.

"నేనా? టిప్పర్‌కు చీటీ రాయని చెయ్యమ్మా ఇది. వద్దు" అన్నాను.

"అంతా ఒక చేతి మీద పెట్టగూడదని చెప్పింది ఎవురు? దిగు."

చెప్పులు గట్టు మీద వదిలి దిగాను. మోకాళ్లదాకా బురద చేసుకుని మొక్క పెట్టాను. అది ఒక పక్కకు ఒరిగిపోయింది. సరిచేస్తే ఇంకో పక్కకు ఒరిగింది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"అమ్మా, నా సాలు ఎండిపోతే ఏం చేస్తావు?" అన్నాను.

మేస్త్రమ్మ నా మొక్క మొదట్లో మట్టిని బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి నిలబెట్టింది.

"పోతే పోనీ మేడమ్మా. అదొక్కటే కదా పోయేది."